కొంపలేమీ మునగని కథలు

ఇరవై ఏళ్లు యుద్ధాల్లో గొడ్డలి తిప్పిన ఒక మనిషి ఆ బతుకు చాలనుకుని, ఒక రేవు పట్టణంలో గడియారాలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడనుకుందాం. ఒక సాయంత్రం వాన మొదలయ్యే వేళకి ఓ ముసలి మంత్రగత్తె వచ్చి ఆగిపోయిన జేబు గడియారం బల్ల మీద పెట్టింది. అతను వెనక మూత తీశాడు. లోపల వెంట్రుకంత సన్నటి స్ప్రింగు కొక్కెం నుంచి జారి పక్కకు ఒరిగి ఉంది. దాన్ని పట్టకారుతో అందుకుని మళ్లీ తగిలించాలి. గొడ్డలికి అలవాటైన వేళ్లు వణుకుతున్నాయి. మొదటిసారి జారిపోయింది. రెండోసారీ జారిపోయింది. ఆమె తొందరపెట్టలేదు. తడిసిన శాలువా విప్పి కుర్చీ వెనక ఆరేసి, కూర్చుంది. ఆ అధ్యాయం మొత్తంలో తేలాల్సిన సంగతి ఒక్కటే: గడియారం నడుస్తుందా, నడవదా?

ఇందులో రాక్షస సైన్యం లేదు, శాపం తగిలిన కిరీటం లేదు, లోకాన్ని కాపాడటానికి పుట్టిన పిల్లవాడు లేడు. గడియారం నడవకపోతే కొంపలేమీ మునగవు. అయినా సరే, రాసే చెయ్యి మంచిదైతే ఆ మూడో ప్రయత్నం దగ్గర చదివేవాళ్ల ఊపిరి కాసేపు ఆగుతుంది. ఈ తరహా రచనలకే ఇవాళ కోజీ ఫాంటసీ, అంటే వెచ్చగా, హాయిగా ఉండే ఫాంటసీ, అని పేరు. మాయలు, మంత్రాలు, వింత జీవులు అన్నీ ఉంటాయి. పణంగా పెట్టేది మాత్రం చిన్నది. ఒక దుకాణం, ఒక తోట, ఒక స్నేహం, కొత్త ఊళ్లో కాస్త చోటు. ఇవి ఏమీ జరగని కథలని తీసిపారేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ అంచనా తప్పు. వీటిలో జరిగేది చాలానే ఉంటుంది, కాకపోతే అదంతా చేతికి అందేంత దగ్గరలో జరుగుతుంది.

ఈ పేరు జనం నోట బాగా నానింది 2022లో. ట్రావిస్ బాల్డ్రీ అనే ఆడియోబుక్ కథకుడు 2021 నవంబరులో, నెల రోజుల్లో నవల రాయాలనే వార్షిక సవాలులో భాగంగా 'లెజెండ్స్ అండ్ లాటేస్' చిత్తుప్రతి రాశాడు. 2022 ఫిబ్రవరిలో సొంతంగా ప్రచురించుకున్నాడు. ఒకరి నుంచి ఒకరికి అది ఎంత వేగంగా పాకిందంటే, అదే ఏడాది నవంబరుకల్లా టోర్ అనే పెద్ద ప్రచురణ సంస్థ దాన్ని మళ్లీ అచ్చువేసింది. మరుసటి ఏడాది, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకి ఇచ్చే హ్యూగో, నెబ్యులా రెండు అవార్డుల తుది జాబితాల్లోనూ ఉత్తమ నవల విభాగంలో నిలిచింది. కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. వివ్ అనే ఓర్క్ (ఫాంటసీల్లో కనిపించే రాక్షసుల్లాంటి జాతి) స్త్రీ కిరాయి కత్తి బతుకు వదిలేసి, కాఫీ అంటే ఏమిటో తెలియని నగరంలో కాఫీ దుకాణం పెడుతుంది. పాత గుర్రపుశాల కొనడం, దాన్ని బాగుచేయడానికి నమ్మకమైన వడ్రంగిని వెతుక్కోవడం, మొదట్లో లోపలికి అడుగుపెట్టేవాళ్లు లేక కూర్చోవడం, బేకింగ్‌లో చెయ్యి తిరిగిన ఒక ఎలుకమనిషి దొరకడం... పుస్తకంలో పెద్ద భాగం ఇదే. ఆ వీధిని గుప్పిట్లో పెట్టుకున్న ముఠా నాయకురాలు మామూళ్లు అడుగుతుంది. వేరే ఫాంటసీలో అయితే ఆ పేజీలోనే కత్తి బయటికి వచ్చేది. ఇక్కడ కత్తి గోడ మీదే ఉంటుంది. వారం వారం దాల్చినచెక్క రోల్స్ పంపేట్టు ఒప్పందం కుదురుతుంది.

నవ్వొచ్చే పరిష్కారమే. కానీ దాని వెనక గట్టి లెక్క ఉంది. ఆ దుకాణంలో అన్నిటికన్నా విలువైనది ఏమిటో ఆ ఒప్పందం చెబుతుంది. కత్తికి లొంగని మనిషి రుచికి లొంగింది; అంటే వివ్ కొత్త బతుకు ఆమె పాత బతుకు కన్నా బలంగా పనిచేస్తోందన్నమాట.

పణం చిన్నదైతే టెన్షన్ తగ్గిపోతుందని అనుకోవడం సహజం. నిజానికి పెద్ద పణానికే ఒక పెద్ద ఇబ్బంది ఉంది: దాన్ని పాఠకులు నమ్మరు. లోకం అంతమైపోతుందని కథ బెదిరించినప్పుడు, చేతిలో ఇంకా మూడు వందల పేజీలు ఉన్నాయని, ఆ తర్వాత మరో రెండు భాగాలు రాబోతున్నాయని వాళ్లకి తెలుసు. లోకం పోదు. పోతే కథ నిలబడటానికి చోటే ఉండదు. దుకాణం సంగతి అలా కాదు. దుకాణం నిజంగానే మూతపడొచ్చు, మూతపడినా కథ సాగొచ్చు. స్నేహితురాలు నిజంగానే మూట సర్దుకుని వెళ్లిపోవచ్చు. పోయే అవకాశం నిజంగా ఉన్నదాని మీదే మనకు బెంగ పుడుతుంది. 'లెజెండ్స్ అండ్ లాటేస్' చివరి భాగంలో ఆ దుకాణం మంటల్లో కాలిపోతుంది కూడా. (ఇంకా చదవనివాళ్లకి ఈ ముక్క ముందే చెప్పేయడం వల్ల పెద్ద నష్టం లేదు. ఎందుకో కింద వస్తుంది.) మహాసంగ్రామంలో పదివేల మంది చనిపోయారని ఒక్క వాక్యంలో చదివి పేజీ తిప్పేసే మనిషే ఇక్కడ ఆగిపోతాడు. ఆ గోడలకు మరమ్మతు జరుగుతున్నన్నాళ్లూ అతను అక్కడే ఉన్నాడు కాబట్టి.

ఇదే పనిని టీజే క్లూన్ నవల 'ది హౌస్ ఇన్ ది సెరూలియన్ సీ' ఇంకో దారిలో చేస్తుంది. 2020 మార్చిలో వచ్చిన ఈ పుస్తకంలో ఒక ప్రభుత్వ ఉద్యోగి, మాయాశక్తులున్న ఆరుగురు పిల్లల అనాథాశ్రమాన్ని తనిఖీ చేయడానికి ఒక ద్వీపానికి వెళతాడు. ఆ ఆరుగురిలో ఒకడు సాక్షాత్తూ సైతాను కొడుకు. ఆరేళ్లవాడు. మామూలు ఫాంటసీ అయితే వీడి చుట్టూ ప్రళయం, జోస్యాలు, ఆఖరి యుద్ధం అల్లుకునేవి. ఇక్కడ వాడికి రాత్రిళ్లు పీడకలలు వస్తాయి. వాణ్ని ఎలా సముదాయించాలన్నది సమస్య. లోకాన్ని ముంచగల శక్తి భోజనాల బల్ల దగ్గర కాళ్లు ఊపుకుంటూ కూర్చుని ఉంటే, కథ మాత్రం వాడు నిద్రపోయాడా లేదా అని చూస్తుంటుంది. ఆ ఉద్యోగి చేతిలో కత్తి లేదు, మంత్రదండం లేదు. ఉన్నది ఒక నివేదిక. అందులో ఏం రాస్తాడన్న దాని మీద ఆరుగురు పిల్లల ఇల్లు ఉంటుందా పోతుందా అన్నది ఆధారపడి ఉంది. దీన్ని చిన్న పణం అనడం కష్టమే. ప్రపంచానికి చిన్నది, ఆ పిల్లలకి సర్వస్వం.

మరి ఇదంతా చెప్పడానికి ఫాంటసీ దేనికి? మామూలు ఊళ్లో మామూలు మనిషి దుకాణం పెట్టిన కథ రాసుకోవచ్చు కదా? రాసుకోవచ్చు. కానీ అలాంటి కథలోకి బ్యాంకు వాయిదాలు, లైసెన్సులు, పన్ను నోటీసులు, ఆన్‌లైన్ రేటింగులు తోసుకుని వస్తాయి. రాకపోతే కథ అబద్ధమాడుతోందని పాఠకుడికి తెలిసిపోతుంది. ఫాంటసీ లోకంలో వాటిని పక్కన పెట్టే హక్కు రచయితకి దొరుకుతుంది. అప్పుడు మిగిలేది పని, దాని ఫలితం. గరుకు కాగితంతో రుద్దితే నేల నున్నగా అవుతుంది. పిండి పొంగుతుంది. విత్తనం మొలుస్తుంది. పొద్దుటి నుంచి రాత్రి దాకా తెర ముందు కూర్చుని, ఈ రోజు చేసిన పని ఇదీ అని చూపించడానికి ఏమీ మిగలని ఉద్యోగాలు చేసేవాళ్లకి ఈ కనిపించే ఫలితం ఎంత ఊరటో చెప్పక్కర్లేదు. 2016లో వచ్చిన 'స్టార్‌డ్యూ వ్యాలీ' అనే వీడియో గేమ్ మొదలయ్యేది కూడా సరిగ్గా ఇక్కడే. పెద్ద కంపెనీ ఆఫీసులో విసిగిపోయిన మనిషి తాత వదిలి వెళ్లిన పొలానికి చేరతాడు. ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగున్నరేళ్లు కూర్చుని ఆ గేమ్ తయారుచేశాడు. నీళ్లు పోయడం, కలుపు తీయడం, పక్కింటివాళ్ల పుట్టినరోజు గుర్తుపెట్టుకోవడం — ఆటంతా దాదాపు ఇవే. కోట్ల మంది చేతుల్లోకి వెళ్లింది.

ఫాంటసీ వల్ల ఇంకో లాభం ఉంది, ఇది రచనా శిల్పానికి సంబంధించింది. ఓర్క్ అనగానే 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కీన్ నుంచి, 1974లో మొదలైన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆట నుంచి, వాటి వెనకాల వచ్చిన వందల పుస్తకాల నుంచి పోగైన బొమ్మ ఒకటి పాఠకుడి మనసులో సిద్ధంగా ఉంటుంది: గుంపులుగా వచ్చి గుంపులుగా చచ్చే శత్రువు. ఆ ఓర్క్ నడుముకి ఏప్రాన్ కట్టుకుని, కప్పులో నురగ సరిగ్గా రావట్లేదని దిగులుపడుతుంటే, రచయిత ఒక్క మాట అదనంగా చెప్పక్కర్లేదు. దశాబ్దాల కథల బరువు ఆ ఏప్రాన్ మీదే ఉంటుంది. ఆ లెక్కన వీరగాథలు లేకపోతే కోజీ ఫాంటసీ లేదు. యుద్ధం ముగిశాక వీరుడు ఏం చేశాడు అని వీరగాథలు అడగకుండా వదిలేసిన ప్రశ్న దగ్గరే ఇది మొదలవుతుంది.

పూర్తిగా వదిలేశాయనడం కూడా అన్యాయమే. 1955లో వచ్చిన టోల్కీన్ పుస్తకం 'ది రిటర్న్ ఆఫ్ ది కింగ్' చివర్లో, చీకటి ప్రభువు పతనమయ్యాక, శామ్ అనే తోటమాలి తన ఊరికి తిరిగొస్తాడు. చెట్లన్నీ కొట్టేసి ఉంటాయి. ఎల్ఫ్‌లనే దివ్యజాతి దొరసాని కానుకగా ఇచ్చిన చిన్న పెట్టెలో కొంచెం మట్టి ఉంటుంది. అతను ఊరంతా తిరిగి మొక్కలు నాటుతూ, ఒక్కో మొక్క మొదట్లో ఆ మట్టి ఒక్కో రేణువు చొప్పున వేస్తాడు. అంత పెద్ద యుద్ధం తర్వాత అంత శ్రద్ధగా రాసిన తోటపని అది. కోజీ ఫాంటసీ అభిరుచి ఉన్నవాళ్లలో చాలామందికి ఆ పుస్తకంలో కోటల ముట్టడి కన్నా ఈ ఘట్టమే ఎక్కువ గుర్తుండిపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇలాంటి కథలంటే బాధ్యత నుంచి పారిపోవడమే అన్న ఆరోపణ పాతది. దీనికి జవాబు కూడా టోల్కీనే 1939 మార్చిలో, సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో యక్షకథల గురించి ఇచ్చిన ఉపన్యాసంలో చెప్పాడు. జైల్లో ఉన్న ఖైదీ ఇంటికి వెళ్లాలని తహతహలాడటం వేరు, యుద్ధం వదిలి సైనికుడు పారిపోవడం వేరు; విమర్శకులు ఈ రెండింటినీ కలిపేస్తున్నారన్నది ఆయన వాదన సారాంశం. ఐరోపా మీద మరో మహాయుద్ధం మబ్బు కమ్మి ఉన్న రోజుల్లో, మొదటి ప్రపంచయుద్ధపు కందకాల్లో స్నేహితుల్ని పోగొట్టుకున్న మనిషి చెప్పిన మాట అది. ఊరట అంటే ఏమిటో తెలిసి చెప్పిన మాట.

జపనీయులు ఈ తరహాకి ఎప్పుడో పేరు పెట్టుకున్నారు: ఇయాషికేయ్. ఇయాషి అంటే ఉపశమనం. 1990ల మొదట్లో అక్కడ ఆర్థిక బుడగ పేలింది. 1995 జనవరిలో కోబె భూకంపం 6,400 మందికి పైగా ప్రాణాలు తీసింది. రెండు నెలలు దాటగానే టోక్యో మెట్రో రైళ్లలో విషవాయువు దాడి జరిగింది. మనసుకు మందు పూసే కథల కోసం జనం వెతుక్కున్న కాలం అది. ఆ కోవలో ముందు చెప్పుకోవలసిన మాంగా (జపాన్ బొమ్మల కథ) హితోషి అషినానో రాసి, గీసిన 'యోకోహామా కైదాషి కికో'. 1994 నుంచి 2006 దాకా ధారావాహికగా నడిచింది. అందులో ఆల్ఫా అనే మరబొమ్మ యువతి ఊరి చివర ఒక చిన్న కాఫీ దుకాణం నడుపుతుంది. వచ్చేవాళ్లు తక్కువ. స్కూటర్ వేసుకుని కాఫీ గింజలు తేవడానికి వెళుతుంది, ఫొటోలు తీస్తుంది, సాయంత్రాలు చూస్తుంది. చదువుతుంటే మెల్లగా అర్థమవుతుంది: సముద్రం పైకి వచ్చేసింది, పాత నగరాలు నీళ్ల కింద ఉన్నాయి, మనుషులు తగ్గిపోతున్నారు. ఇక్కడ కొంపలు నిజంగానే మునిగిపోయాయి. ఆ తర్వాత కూడా ఎవరో ఒకరు కెటిల్ పొయ్యి మీద పెడుతున్నారు.

ఈ తరహా మొత్తానికీ ప్రాణం ఎక్కడుందో ఆ మాంగా చూస్తే తెలుస్తుంది. వెచ్చదనం తెలియాలంటే బయట చలి ఉండాలి. ఆల్ఫా దుకాణం వెచ్చగా అనిపించేది కిటికీ అవతల ఆ సముద్రం ఉండబట్టే. వివ్ దుకాణం వెచ్చగా అనిపించేది ఆమె ఒంటి మీద పాత గాయాల మచ్చలు ఉండబట్టే. 2020లో కోజీ కథలకి, ఆటలకి అంత గిరాకీ వచ్చిందంటే దానికీ ఇదే కారణం. ప్రపంచమంతా తలుపులు మూసుకుంటున్న వారాల్లోనే, మార్చి 20న, 'యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్' అనే వీడియో గేమ్ విడుదలైంది. సెరూలియన్ సముద్రపు ఇల్లూ ఆ నెలలోనే వచ్చింది. రెండూ మహమ్మారి కోసం తయారైనవి కావు, ఏళ్ల ముందు నుంచీ తయారవుతూ ఉన్నవి. చలి అప్పుడే వచ్చింది.

గొడవ లేకుండా కథ ఎలా నడుస్తుందన్నది రాసేవాళ్లకి ఎదురయ్యే అసలు కష్టం. ఇద్దరు ఒకే వస్తువు కోసం కొట్లాడితేనే కథ అని రచనా పాఠాలన్నీ నూరిపోస్తాయి. తూర్పు ఆసియాలో మరో పద్ధతి ఉంది, చైనా చతుష్పద కవితల నుంచి వచ్చి జపాన్ నాలుగు గళ్ల కార్టూన్ల దాకా పాకినది. మొదటి భాగంలో పరిచయం, రెండో భాగంలో దాని పెరుగుదల, మూడో భాగంలో ఊహించని మలుపు, నాలుగో భాగంలో అన్నిటినీ కలిపే చూపు. మూడోదానిలో శత్రువే రావాలని లేదు. మనకు తెలియని ఇంకో సంగతి వచ్చినా చాలు. మొదట్లో చెప్పుకున్న గడియారాల దుకాణంలో ఆ మలుపు ఏమిటంటే, మంత్రగత్తె తెచ్చిన గడియారం వెనక మూత లోపల ఒక సైనికుడి పేరు చెక్కి ఉంది. అతను ఆ పేరు గుర్తుపట్టాడు. ఆమె గుర్తుపట్టిందో లేదో తెలియదు. ఎవరూ కత్తి తీయలేదు, కానీ ఆ గదిలో గాలి మారిపోయింది. వేళ్లు అందుకే వణికాయేమో అన్న అనుమానం కూడా పుట్టింది.

అమెరికన్ ఫాంటసీ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1986లో రాసిన ఒక వ్యాసంలో ఇదే విషయాన్ని ఆదిమానవుల దగ్గర నుంచి ఎత్తుకుంది. మనిషి తొలి పనిముట్టు బల్లెం అనుకోవడం మన అలవాటు. అది గింజలు ఏరి తెచ్చుకునే సంచి అయి ఉండొచ్చు కదా అని అడుగుతుంది. బల్లెం కథ సూటిగా పోయి గుచ్చుకుంటుంది. సంచి కథలో రకరకాల వస్తువులు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, వాటి మధ్య సంబంధాలే కథ. కోజీ ఫాంటసీ మంచి పుస్తకాలన్నీ సంచులే.

ముగింపు ముందే తెలిసిపోతే ఏమవుతుందన్న ప్రశ్నకి ఇక్కడ చోటు. 2011లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు పరిశోధకులు పాఠకుల చేత చిన్న కథలు చదివించి చూశారు. ముగింపు ముందే చెప్పేసినప్పుడు పాఠకులు ఆ కథల్ని సగటున కాస్త ఎక్కువగానే ఇష్టపడ్డారు. తర్వాత జరిగిన ప్రయోగాల్లో ఫలితాలు అటూ ఇటూగా వచ్చాయి, కాబట్టి దాన్ని సూత్రంగా పట్టుకోలేం. కానీ కోజీ కథల విషయంలో అనుభవం దానికి దగ్గరగా ఉంటుంది. అంతా సర్దుకుంటుందని మొదటి పేజీలోనే తెలుసు. ఏం జరుగుతుందోనన్న కంగారు తగ్గిపోగానే ఎలా జరుగుతోందన్న దాని మీదికి చూపు మళ్లుతుంది. ఒళ్లు బాగాలేనప్పుడు, నిద్రపట్టనప్పుడు, దగ్గరివాళ్లని పోగొట్టుకున్న రోజుల్లో జనం ఇవే పుస్తకాలు రెండోసారి, ఐదోసారి తీస్తారు. ఆ సమయంలో కొత్త భయాన్ని మోసే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇక లోపాలు. ఉన్నాయి, గట్టిగానే చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ తరహా బాగుండాలని కోరుకునేవాళ్లే ఆ మాట అనాలి. గిరాకీ పెరిగాక వచ్చిన పుస్తకాల్లో చాలావాటికి కిటికీ అవతల సముద్రం లేదు. అందరూ మొదటి నుంచీ మంచివాళ్లే. ఎవరికి కోపం వచ్చినా అరపేజీలో కౌన్సెలర్ లాగా తమ భావాల్ని వివరించి, క్షమాపణ అడిగి, కౌగిలించుకుంటారు. టీ, పిల్లి, పాత పుస్తకాల వాసన, వాన కిటికీ — ఇవి పేర్చితే చాలు హాయి పుడుతుందనుకునే రచన అలంకరణ సామాను దుకాణంలా తయారవుతుంది. హాయి సరుకుల్లో ఉండదు, వాటి కోసం ఎవరో పడిన శ్రమలో ఉంటుంది. ఆ శ్రమ దగ్గరే ఇంకో చిక్కు. ఈ కథల్లో నాయికానాయకులు దాదాపు ఎప్పుడూ యజమానులే. దుకాణం వాళ్లదే, ఇల్లు వాళ్లదే. సాయంత్రం కప్పులు కడిగేది ఎవరు, వాళ్లకి జీతం ఎంత అన్న ప్రశ్న పుస్తకం గడప బయటే ఆగిపోతుంది. అది అడిగినా వెచ్చదనం పోని కథ రాయొచ్చు. అలాంటివి ఇంకా రావాలి.

మంచి పుస్తకాలు తమ సొంత హాయిని కూడా ప్రశ్నించుకుంటాయి. బెకీ ఛేంబర్స్ 2021 నవలిక 'ఎ సామ్ ఫర్ ది వైల్డ్-బిల్ట్', మరుసటి ఏడాది హ్యూగో గెలిచినది, నిజానికి సైన్స్ ఫిక్షన్. కానీ కోజీ పాఠకులు దాన్ని తమదిగానే చేసుకున్నారు. అందులో డెక్స్ అనే సన్యాసి ఊరూరా తిరిగి, అలసిన మనుషులకి టీ కాచి ఇచ్చి, వాళ్ల బాధలు వింటుంటారు. లోకం బాగుంది, పని బాగుంది, అందరూ ప్రేమగా చూస్తారు. అయినా తెల్లవారుజామున మెలకువ వచ్చి, ఇది చాలదనిపిస్తుంది. ఎందుకు చాలదో డెక్స్‌కే తెలియదు. అడవిలో ఎదురైన రోబో, మనుషులకి ఏం కావాలి అని అడిగితే, జీవితమంతా మనుషుల అవసరాలు విన్న ఆ సన్యాసి దగ్గర జవాబు ఉండదు.

ఇలాంటి కథలకి రెండో భాగం రాయడమూ వేరే పనే. వీరగాథల్లో మొదటి పుస్తకంలో ఊరు ప్రమాదంలో ఉంటే రెండో పుస్తకంలో రాజ్యం, మూడో దానిలో లోకం ప్రమాదంలో పడాలి. మెట్టు మెట్టుకీ పణం పెరగాలి. 2023లో బాల్డ్రీ రెండో నవల 'బుక్‌షాప్స్ అండ్ బోన్‌డస్ట్' వచ్చినప్పుడు కథ ముందుకు వెళ్లలేదు, వెనక్కి వెళ్లింది. కాఫీ దుకాణానికి ఎన్నో ఏళ్ల ముందు, కుర్ర వివ్ కాలికి గాయమై సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊళ్లో చిక్కుకుపోతుంది. తోటివాళ్లు ఆమెను వదిలి వేటకి వెళ్లిపోయారు. చెయ్యడానికి ఏమీ లేదు. కర్ర ఊతంతో వీధిలో కుంటుకుంటూ వెళుతుంటే దివాళా అంచున ఉన్న ఒక పుస్తకాల దుకాణం కనిపిస్తుంది, లోపలికి వెళుతుంది.